మానుకోటలో డెబ్భై రెండు సెకన్లు

మెడలో వేసుకునే గుర్తింపు కార్డును ఆఫీసు దాటాక తీసి లోపల పెట్టుకోవాలని తెలియక, బస్సులోనూ కూరగాయల సంతలోనూ చివరికి చుట్టాల పెళ్ళిలోనూ వేలాడేసుకుని తిరిగిన కాలం నాకూ ఒకటుంది. మొదటి ఉద్యోగం కొత్తలో మనిషికి కొంచెం పిచ్చి పడుతుందనీ, నాలుగు జీతాలు చూశాక అది దానంతటదే తగ్గుతుందనీ ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. జనగామలో కరెంటు మోటార్లకు తీగ చుట్టే మా బాపు భుజం విరిగి, దుకాణం మూతపడిన ఏడాది అది. హన్మకొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను ఆరు నెలల షరతు మీద తీసుకుంది. ఆరు నెలలు చూసి, నచ్చితే ఉంచుతారు, లేకపోతే పంపేస్తారు. ఆ కంపెనీ ఒక బిర్యానీ హోటల్ పై అంతస్తులో ఉండేది. పదకొండు గంటలకల్లా మసాలా వాసన మెట్లెక్కి వచ్చేది. (పన్నెండు తర్వాత ఆ గదిలో రాసిన ఏ ప్రోగ్రామూ సరిగ్గా నడవదని మాలో ఒక నమ్మకం ఉండేది. నేను రాసినవి పన్నెండుకు ముందు కూడా నడిచేవి కావు, అది వేరే సంగతి.)

మా పై అధికారిని మేమంతా డెమో సార్ అనేవాళ్ళం. ఆయనకు ప్రపంచంలో ప్రతిదీ ఎవరికో ఒకరికి చూపించడానికి పుట్టినదే. ఒకరోజు నన్ను పిలిచి, ఒక రక్తపరీక్షల కేంద్రం వాళ్ళు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి శాఖల్లో తాకే తెరలు పెట్టమన్నారని చెప్పాడు. రోగి వచ్చి, కౌంటర్ దగ్గర ఎవరినీ అడగకుండా, తన పేరూ వయసూ ఊరూ తానే తెర మీద నొక్కి చీటీ తీసుకోవాలి. తెర తయారైపోయింది. నా పని తెర చేయడం కాదు.

"చూడమ్మా, మనిషిని కూర్చోబెట్టకుండానే, మనిషి ఈ పని ఎంతసేపట్లో ముగిస్తాడో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మన దగ్గర మూడున్నాయి. వాటిలో ఏది నిజం చెప్తుందో తేల్చు. దాన్ని కొంటాం. తేలిస్తే నీ ఉద్యోగం పక్కా" అన్నాడు.

ఆ మూడింటి గురించీ చెప్పాలి. మొదటిది విదేశాల నుంచి వచ్చిన ఖరీదైనది, ముప్పై రోజులు ఊరికే వాడుకోనిస్తారు. రెండోది ఎవరో చదువుకునే పిల్లలు చేసి, ఉద్యోగాలు రాగానే వదిలేసి పోయిన ఉచితమైనది, రోజుకు రెండుసార్లు దానంతటదే ఆగిపోయేది. మూడోది డెమో సార్ స్వయంగా చేసిన ఎక్సెల్ కాగితం. మూడూ చేసే పని ఒకటే. తెర బొమ్మలన్నీ దానికి ఇచ్చి, మనిషి మొదట ఇది నొక్కుతాడు, తర్వాత అది నొక్కుతాడు అని వరసగా చెబితే, లోపల ఒక ఊహా మనిషి ఆ పని చేసి చూసి, ఇన్ని సెకన్లు అని చెబుతుంది. ఆ మనిషికి నేను లోపలాయన అని పేరు పెట్టాను. లోపలాయన చాలా ఉత్తముడు. ఆయనకు కళ్ళజోడు ఇంట్లో మరిచి రావడం తెలియదు. పక్కవాళ్ళను అడగడం తెలియదు. ఏ విషయమైనా సెకను, సెకనున్నరలో ఆలోచించేస్తాడు. (మా ఇంట్లో కూర ఏం వండాలన్నది కూడా సెకనున్నరలో తేలడం నేనెన్నడూ చూడలేదు.) ఖరీదైన దానిలోని లోపలాయన మా తెర పని డెబ్భై రెండు సెకన్లలో ముగించాడు. ఉచితమైన దానిలోని ఆయనకు తొంభై అయిదు పట్టింది. డెమో సార్ కాగితంలోని మనిషి నలభైలో ముగించాడు, బహుశా సార్ అంటే భయం వల్ల. ఇక నేను చేయాల్సింది మూడు ఊళ్ళకూ పోయి, నిజం మనుషులు నొక్కుతుంటే ఫోన్లో గడియారం పెట్టి కొలిచి, ఈ మూడింటిలో ఏది దగ్గరగా ఉందో చూడటం.

మొదట మా జనగామలోనే మొదలుపెట్టాను. సొంత ఊరు, నలుగురూ తెలిసినవాళ్ళు, పని సులువవుతుందనుకున్నాను. నలుగురూ తెలిసినవాళ్ళు కావడమే చిక్కయింది. తెర ముందు నిలబడిన ప్రతివాళ్ళూ నా ముఖం చూసి, "నువ్వు మోటర్లాయన బిడ్డవు గదా, మీ బాపు భుజం ఎట్లున్నదే" అని మొదలుపెట్టేవాళ్ళు. గడియారం నడుస్తూనే ఉండేది. బాపు భుజం గురించి మాట్లాడిన నాలుగు నిమిషాలు తీసేయాలా ఉంచాలా అన్నది డెమో సార్ చదవమని ఇచ్చిన పుస్తకంలో లేదు. మధ్యలో మా అమ్మ ఫోన్ చేసేది, తిన్నావా అని. తెర మీది తెలుగు డెమో సార్ రాసినది. ఫోన్ నంబరు అనడం ఆయనకు మర్యాదగా తోచక, సంచార దూరవాణి సంఖ్య అని రాశాడు. "సంచారం అంటాంది గిదేంది బిడ్డా, ఏడికి పోవాలె నేను" అని ఒక అవ్వ అడిగింది. ఫోన్ నంబరవ్వా అన్నాను. "గట్లనే రాస్తే ఏం పోయింది" అంది. అన్నీ అయి, చివరికి నిర్ధారించు అన్న ఆకుపచ్చ బొత్తాం దగ్గరకు వచ్చి ఆగిపోయింది.

"నొక్కవ్వా" అన్నాను.

"నేను నొక్క. నిర్ధారించుడంటే రోగం జెప్పుడే గదా. ఇంక నెత్తురే తియ్యలే. డాక్టరు జెప్పాలె గని డబ్బ జెప్పుడేంది" అంటూ వెనక్కి జరిగి, చేతులు కొంగు కింద పెట్టేసుకుంది. ఆమె సమయం తొమ్మిది నిమిషాలు. ఆ రోజంతా లోపలాయన దరిదాపుల్లోకి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.

భూపాలపల్లిలో ఇంకో విధం. అక్కడ ఒక పెద్దాయన, బొగ్గు బావిలో ఏళ్ళ తరబడి చేసినవాడు, తెర మీద వేలు పెడితే తెరకు తెలియనే లేదు. గట్టిగా నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. తెర నిలబెట్టిన స్టాండు మెల్లగా వెనక్కి జరుగుతూ పోయి గోడకు ఆనింది, ఆయనా దాని వెంట నడిచాడు. "దానికి నా వేలు ఆనుతలేదు బిడ్డా, సచ్చిన తోలు గిది" అని వేలు నాకు చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను. కాగితంలో మాత్రం "పూర్తి చేయలేదు" అని రాసుకున్నాను.

మూడోది మహబూబాబాద్. అక్కడివాళ్ళకు అది మానుకోట. జనగామ నుంచి రైల్లో పోయేదాన్ని. ఆ శాఖలో కౌంటర్ వెనక కూర్చునే ఆమెను అందరూ కౌంటరక్క అనేవాళ్ళు, నేనూ అలాగే అన్నాను. నలభై దాటి ఉంటాయి. పెద్దవంగర నుంచి రోజూ తొర్రూరు మీదుగా వచ్చేది. పదో తరగతి చదివి, పెళ్ళయి, ఏళ్ళపాటు మిరప చేలల్లో కూలికి పోయి, ఎవరో చెబితే ఇక్కడ ఊడ్చే పనికి చేరి, చూసి చూసి ఒక్క వేలితో కంప్యూటర్ నేర్చుకుని కౌంటర్ లోకి వచ్చిందట. వచ్చినవాళ్ళను ఆమె పేరు అడిగేది కాదు. "ఏమే, మీ ఆయన కామెర్లు తగ్గినయా", "నీది పోయినసారి షుగరు మూడొందలుండె, జర అన్నం తగ్గించినవా" అని మాట్లాడుతూనే, ఆ ఒక్క వేలితో వాళ్ళ వివరాలన్నీ కొట్టేసేది. మొదటిరోజు మధ్యాహ్నమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన గిన్నెలోని జొన్న రొట్టె సగం నా చేతిలో పెట్టింది. కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి, "నా బతుకుల కుర్చీల కూసోని చేసిన పని గిదొక్కటే చెల్లె" అంది. గొప్పగా చెప్పలేదు. ఒక వార్త చెప్పినట్టు చెప్పింది.

రెండో రోజు డోర్నకల్ నుంచి ఒక తాత వచ్చాడు. రైల్వేలో పట్టాల వెంట నడుస్తూ బిగింపులు చూసే కీమాన్ గా చేసి రిటైరైనవాడు, అందుకని అక్కడ ఆయన కీమాన్ తాత. తెల్లని చొక్కా, జేబులో పెన్ను. నేను అడగగానే సంతోషంగా తెర ముందుకు వచ్చాడు. పేరు కొట్టాడు. వయసు, ఊరు, ఫోన్ నంబరు, అన్నీ ఒక్కొక్కటే సరిచూసుకుంటూ కొట్టాడు. నా మనసులో ఆశ పుట్టింది. తర్వాత పేజీలో జీవిత భాగస్వామి పేరు అని వచ్చింది. తాత ఒక అక్షరం నొక్కి ఆగాడు. వేలు అలాగే గాల్లో ఉంది. కాసేపటికి తెర, సమయం ముగిసింది అని చెప్పి మొదటి పేజీకి పోయింది. తాత మళ్ళీ మొదటి నుంచి అన్నీ కొట్టుకుంటూ వచ్చి, మళ్ళీ అక్కడే ఆగాడు. మళ్ళీ సమయం ముగిసింది. మూడోసారి కూడా అక్కడికే వచ్చి నిలబడ్డాక, కౌంటరక్క లేచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"తాతా, ఇటు రా. నా దగ్గర కూసో, నేను రాస్త" అంది. కూర్చోబెట్టి, ఏమీ అడగకుండానే రాసి చీటీ ఇచ్చింది. ఆయన నెత్తురు ఇవ్వడానికి లోపలికి పోయాక నా వైపు వంగి మెల్లగా చెప్పింది. "పోయిన నెల అవ్వ చనిపోయింది. ఇద్దరు జంటగ వచ్చేటోళ్ళు. ఉన్నదని కొట్టాల్నా, లేదని కొట్టాల్నా, పాపం ఆయనకు సమజ్ కాలే."

నా కాగితంలో సమయం అన్న గడి, కారణం అన్న గడి ఉండేవి. సమయం పద్నాలుగు నిమిషాలు అని రాశాను. కారణం దగ్గర చాలాసేపు ఆలోచించి, "వినియోగదారుడి తడబాటు" అని రాశాను. (ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ రెండు మాటలు చదవాల్సి వచ్చినప్పుడల్లా కాగితం మడత పెట్టేస్తాను.)

ముప్పై రోజుల గడువు ముగియడానికి నాలుగు రోజులే ఉన్నాయి. నా దగ్గర ఉన్న అంకెలతో ఏ సాఫ్ట్‌వేరూ నిజం చెప్పదని మాత్రమే తేలుతుంది. డెమో సార్ అప్పటికే ఖరీదైన దాన్ని కొందామని మా కంపెనీ యజమానికి మాటిచ్చేశాడు. ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "నీకు పుస్తకం చదవమని ఇచ్చాను కదమ్మా. ఈ సాఫ్ట్‌వేర్లు చెప్పేది పనిలో ఆరితేరిన మనిషి, తప్పు చేయకుండా చేస్తే పట్టే సమయం. కొత్తగా వచ్చిన ముసలివాళ్ళతో కొలిస్తే ఎట్లా. అలవాటున్న మనిషిని చూసుకో" అన్నాడు. ఆయన అన్నది నిజమే. పుస్తకంలో అలాగే ఉంది. ఆరితేరిన రోగి ఎక్కడ దొరుకుతాడన్నది పుస్తకంలో లేదు. ఫోన్ పెట్టేసి, అక్క ఇచ్చిన రొట్టె చేతిలో పట్టుకుని ఏడ్చాను. ఉద్యోగం పోతుందని, బాపు భుజం ఇంకా లేవదని, అన్నీ కలిపి అక్కకు చెప్పేశాను.

కౌంటరక్క రొట్టె తినడం ముగించి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"అలవాటైన మనిషే కావాల్నా. నేను నొక్కుతా. రాస్కో" అంది.

"నువ్వు రోగివి కాదు కదక్కా."

"నడుం నొస్తది, మోకాళ్ళు నొస్తయి. ఇంకెంత రోగముండాలె" అని తెర ముందు నిలబడింది.

మొదటిసారి మూడు నిమిషాలు. పది సార్లు చేశాక రెండు నిమిషాల లోపు. మర్నాడు ఇంకో పది. ప్రతిసారీ తన పేరే, తన ఊరే కొట్టేది, పరీక్ష దగ్గర రక్తం తక్కువుందేమో చూసేది ఎంచుకునేది. ప్రతిసారీ చీటీ వచ్చేది. "గిన్నిసార్లు సూది గుచ్చితే నాల ఏం మిగుల్తది చెల్లె" అని నవ్వేది. లోపలాయన సంగతి చెప్పాను. అప్పటి నుంచి అది ఆయనకూ ఆమెకూ పోటీ అయిపోయింది. "మీ లోపలాయన ఎంతల జేసిండు" అని అడిగి, చీర చెంగు దోపుకుని, ఆ ఒక్క వేలితో మొదలుపెట్టేది. మూడో రోజు సాయంత్రం, డెబ్భై రెండు సెకన్లకు ఒక చుక్క తక్కువ. ఇద్దరం ఒకరినొకరు పట్టుకున్నాం. నెత్తురు తీసే గదిలోంచి ఎవరో వచ్చి ఏమైందని అడిగారు. ఆ తర్వాత ముప్పై సార్లు వరసగా కొలిచాను. సగటు డెబ్భై రెండు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ నిజం చెప్పింది. "ఇగ నీ నౌకరికి ఢోకా లేదు, ఇంటికి పోయి పండుకో" అంది అక్క.

నేను నివేదికలో "ముప్పై పరీక్షలు" అని రాశాను. అది నిజం. ఒకరే చేశారని కింద చిన్న అక్షరాల్లో రాశాను. డెమో సార్ దాన్ని గోడ మీద చూపించే స్లైడు బొమ్మలుగా మార్చినప్పుడు చిన్న అక్షరాలకు చోటు చాల్లేదు. ముప్పై పరీక్షలు, ముప్పై మంది అయ్యాయి. జనగామ శాఖలో రక్తపరీక్షల యజమాని ముందు గోడ మీద ఆ బొమ్మ పడినప్పుడు మొదటిసారి చూశాను. ఆయన ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకునేవాడు. ఆయన కుర్చీలో ముందుకు వంగి, "అంటే ముప్పై మంది, ఎవరి సాయం లేకుండా, నిమిషం పన్నెండు సెకన్లలో చేసుకున్నరా" అని అడిగాడు. డెమో సార్ నా వైపు తిరిగాడు. అందరూ నా వైపు తిరిగారు.

"అవును సార్" అన్నాను.

ఎవరి సాయమూ లేకుండానే చేసింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. దాహంగా ఉంది, బల్ల మీద నీళ్ళున్నాయి కానీ తాగితే చెయ్యి వణకడం కనబడుతుందని తాగలేదు. ఆ సమావేశం సాఫ్ట్‌వేర్ గొప్ప చూపించుకోవడానికే అనుకున్నాను. తెల్లచొక్కా సార్ లెక్క వేరే ఉందని నాకు తెలియదు. నెల తిరక్కుండా నా ఉద్యోగం పక్కా అయింది. బాపుకు హన్మకొండలో మంచి డాక్టరును చూపించాం. కౌంటరక్కకు ఫోన్ చేసి చెబితే, "దావత్ ఇయ్యాలె మరి" అంది. ఇస్తానన్నాను.

రెండు నెలల తర్వాత తెరలు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మని నన్ను మానుకోట పంపారు. అక్క కోసం అరకిలో మైసూర్‌పాక్ కొనుక్కుని పోయాను. లోపలికి అడుగు పెడితే కౌంటర్ లేదు. కౌంటర్ ఉన్న చోట నేల మీద కొత్త టైల్స్ వేశారు. మూడు తెరలు. వాటి ముందు పెద్ద వరస. వాచ్‌మన్ ఒక్కొక్కరి పేరు అడిగి తానే నొక్కుతున్నాడు, తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి. ఆయన్నే అడిగాను, అక్క ఏది అని.

"తీసేసిన్రు గదా. మిషన్లు వచ్చినయి, మనిషెందుకన్నరు. మూడు ఊళ్ళల్ల గంతే" అన్నాడు.

బెంచీ మీద కీమాన్ తాత కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడట. వరసలోకి ఎందుకు రాలేదని అడిగితే, "గామె చాయ్ తాగ పోయిందేమో, వస్తది గదా అని కూసున్న బిడ్డా" అన్నాడు. ఆమె ఇక రాదని ఎవరూ ఆయనకు చెప్పినట్టు లేదు. నేను ఆయన్ని తెర దగ్గరకు తీసుకుపోయి అన్నీ కొట్టాను. జీవిత భాగస్వామి పేజీ వచ్చింది. ఖాళీ వదిలితే అది ముందుకు పోదు. దాన్ని అలా చేసింది మా కంపెనీయే, పరీక్షించింది నేనే. "పేరు చెప్పు తాతా" అన్నాను. ఆయన చెప్పాడు. నేను కొట్టాను. తెర పచ్చగా వెలిగి, ముందుకు పోయింది.

మైసూర్‌పాక్ పట్టుకుని అక్కడి నుంచే తొర్రూరు బస్సెక్కాను. పెద్దవంగరలో దిగి కౌంటరక్క ఇల్లు అడిగితే, మిరప ఏరడానికి పోయిందని చేను చూపించారు. పదిమంది ఆడవాళ్ళు వరసగా వంగి కాయలు తెంపుతున్నారు. ముఖాలకు తువ్వాళ్ళు కట్టుకుని ఉన్నారు, ఎవరు ఎవరో తెలియలేదు. ఆమే నన్ను గుర్తుపట్టి నడుం ఎత్తింది. నా మెడలో కార్డు చూసి గుర్తుపట్టానంది. గట్టు మీదికి వచ్చి తువ్వాలు విప్పింది. నాకు ఆ ఘాటుకు తుమ్ములు మొదలయ్యాయి. నేను చెప్పాలనుకున్న మాటకూ మాటకూ మధ్య తుమ్ముతూనే ఉన్నాను. అంత పెద్ద దుఃఖంలో అంత తెలివితక్కువగా నిలబడింది నేనొక్కదాన్నేనేమో.

"నాకు తెలియదక్కా. తీసేస్తారని తెలియదు" అన్నాను.

"నాకు మాత్రం తెలుసునా. ఓనాడు పోతె, కౌంటర్ పీకుతున్నరు" అంది.

"ముప్పై మంది చేశారని చెప్పారక్కా మీ యజమానికి. నన్నడిగితే నేను అవునన్నాను. నువ్వొక్కదానివే చేశావని చెప్పలేదు."

అక్క చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడింది, మిరప ఏరే వాళ్ళు అలాగే పట్టుకుంటారు. చేను వైపు చూసింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది.

"ముప్పై మంది అన్నరా. ముప్పై మంది పని నేనొక్కదాన్నే జేసిన, గదైతె అబద్ధం గాదు."

అది నవ్వుతూ అన్నదో కాదో నేను ఇప్పటికీ చెప్పలేను. తిట్టి ఉంటే బాగుండేది. కొంతసేపటికి, "నీ నౌకరి పక్కా అయినట్టేనా మరి" అని అడిగింది. అయిందన్నాను. "మంచిగైంది. ఇద్దరిట్ల ఒక్కరిదన్న నిలవడ్డది" అంది. మైసూర్‌పాక్ పొట్లం ఇస్తే, చేతులకు ఘాటుంది, విప్పి నువ్వే అందరికీ పెట్టు అంది. ఆ పదిమంది నోళ్ళలో ఒక్కొక్క ముక్క పెట్టుకుంటూ చేనంతా నడిచాను, తుమ్ముకుంటూ. చివరి ముక్క ఆమె నోట్లో పెట్టినప్పుడు మాత్రం తల పక్కకు తిప్పుకుంది. అప్పుడు ఏడ్చింది. ఘాటు అంది.

మర్నాడు ఆఫీసుకు పోయి, మూడు ఊళ్ళలో నేను కొలిచిన అసలు సమయాలన్నీ వరసగా పెట్టి రెండో నివేదిక రాశాను. నిర్ధారించు దగ్గర చేతులు దాచుకున్న అవ్వ, తెరకు ఆనని వేలు, కీమాన్ తాత, అందరూ వచ్చారు. డెబ్భై రెండు సెకన్లు ఒక్క మనిషివని, ఆ మనిషి ఎవరో, ఎన్నిసార్లు సాధన చేసిందో రాశాను. ఈ సాఫ్ట్‌వేర్లు తెరలో నొక్కుళ్ళు ఎక్కువా తక్కువా అని చూసుకోవడానికి పనికొస్తాయి గానీ, కౌంటర్లో మనిషి కావాలా వద్దా అని తేల్చడానికి పనికిరావని రాశాను. డెమో సార్‌కు ఇచ్చి, తెల్లచొక్కా సార్‌కు కూడా నేనే పంపేశాను. పంపాక నా బల్ల సొరుగులోని సామాన్లన్నీ సంచిలో సర్దుకుని కూర్చున్నాను. (ఒక దువ్వెన, రెండు పెన్నులు, చింతపండు పులిహోర డబ్బా.) సాయంత్రం డెమో సార్ పిలిచాడు. నివేదిక ఆయన బల్ల మీద ఉంది. "రెండు చోట్ల అక్షర దోషాలున్నాయమ్మా, బయటికి పంపే ముందు చూసుకోవాలి" అన్నాడు. నిలబడే ఉన్నాను. ఇంకేమైనా ఉందా అన్నట్టు చూశాడు. లేదన్నాను. అంతే.

తెల్లచొక్కా సార్‌కు అప్పటికే జనం వేరే ల్యాబులకు పోతున్న సంగతి తెలిసింది. మూడు శాఖల్లోనూ మళ్ళీ మనుషుల్ని పెట్టాడు. అయితే ఈసారి డిగ్రీ చదివినవాళ్ళే కావాలన్నాడు. పదో తరగతి కౌంటరక్కకు పిలుపు రాలేదు. నేను రెండుసార్లు ఆయన్ని కలిసి అడిగాను. "చూద్దామమ్మా" అన్నాడు, రెండుసార్లూ అదే గొంతుతో. తెర మీద భాగస్వామి పేజీ తీసేశాం. నిర్ధారించు పోయి సరే అయింది. డెమో సార్ ఆ మార్పులను ఇంకో కంపెనీకి చూపించి కొత్త పని తెచ్చాడు.

అక్క ఆ ఎండాకాలం అయ్యాక తొర్రూరులో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. ఇప్పటికీ అక్కడే. కొన్నేళ్ళ కిందట హన్మకొండలో తెలిసిన ఒక దవాఖానలో చీటీలు రాసే పని ఉందని, మాట్లాడిపెట్టానని ఫోన్ చేశాను. చాలా ఉత్సాహంగా చెప్పాను. అటు నుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. "వద్దు చెల్లె. కుర్చీల కూసుంటే ఎప్పుడు లేపుతరో అని పానం గుంజుతది. పొయ్యి కాడ నిలవడే ఉంట గద, ఎవలు లేపుతరు" అంది. తర్వాత పిల్లల గురించి, ఒకతె అన్నం సరిగా తినడం లేదన్న దాని గురించి చాలాసేపు చెప్పింది. దావత్ సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.

నేను ఇప్పుడు హైదరాబాదులో ఇదే పనిలో ఉన్నాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు ఏటా కొత్తవి వస్తాయి, ఏది మంచిదో తేల్చమని నాకు ఇస్తారు. కొత్తగా చేరిన పిల్లలు మిలమిలలాడే అంకెలు తెచ్చి నా ముందు పెడితే, ఎంతమందిని కొలిచారు, వాళ్ళ పేర్లు చెప్పండి అంటాను. నన్ను చాదస్తపు మేడమ్ అనుకుంటారని తెలుసు. వాళ్ళు పోయాక ఒక్కోసారి మనసులోనే జనగామ శాఖలోని ఆ గదిలోకి పోయి, నీళ్ళు తాగడానికి కూడా భయపడి నిలబడిన అమ్మాయిని చూస్తాను. నిజం చెబితే ఉద్యోగం పోతుందని ఎంత గట్టిగా నమ్మిందో పిచ్చిది. తీరా నేను నిజం రాసి పంపి, సంచి సర్దుకుని కూర్చున్న రోజున జరిగింది అక్షర దోషాలు దిద్దుకోవడమే. ఆ నిజమే అంతకు రెండు నెలల ముందు ఆ గదిలో చెప్పి ఉంటే కూడా బహుశా డెమో సార్ గొంతు సవరించుకుని తర్వాత బొమ్మకు పోయేవాడు. అంతకు మించి నాకేమీ అయ్యేది కాదు. అది తలుచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది. ఆ అమ్మాయి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చి, తాగవే, చెయ్యి వణికితే వణకనీ, తాగి చెప్పు అనాలనిపిస్తుంది.